స్వాధ్యాయ తపస్వి: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి శాస్త్రాధ్యయన క్రమం

విద్య నాలుగు విధాల వినియోగపడుతుందని పతంజలి మహర్షి మహాభాష్య పస్పశాహ్నికంలో చెప్పి ఉన్నారు. గురుముఖతః గ్రహించే ఆగమకాలం మొదటిది. తనలో తాను ఆవృత్తి చేసుకొనే స్వాధ్యాయకాలం రెండవది. శిష్యులకు బోధించే ప్రవచనకాలం మూడవది. కర్మలలోను లోకంలోను వినియోగించే వ్యవహారకాలం నాలుగవది. ఈ నాలుగు దశలూ క్రమంగా నడచిన పండితులు మన దేశంలో ఎందరో ఉన్నారు. అయితే గురువు లేనిచోట, గ్రంథం లేనిచోట, చివరకు శాస్త్రానికి ప్రధానసాధనమైన శ్రవణేంద్రియమే తోడురానిచోట ఈ నాలుగు దశలనూ సాధించినవారు అరుదు. అట్టివారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు అగ్రగణ్యులు.

పంతులుగారి పేరు వినగానే వ్యావహారిక భాషోద్యమం స్ఫురిస్తుంది. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఉద్యమనాయకులుగా వారికి లభించిన కీర్తి వారి శాస్త్రాధ్యయనాన్ని కొంత మరుగుపరచిందనే చెప్పాలి. వాదంలో వారు గెలిచారా, ప్రత్యర్థులు గెలిచారా అన్న ప్రశ్న పలుమార్లు చర్చకు వచ్చింది. ఆ వాదానికి కావలసిన సామగ్రిని వారు ఏ విధంగా సంపాదించుకొన్నారన్న ప్రశ్న అంతగా రాలేదు. ఈ వ్యాసం ఆ రెండవ ప్రశ్నకు పరిమితమైనది.

జననం, విద్యాభ్యాసం

రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్ర సమీపంలో, వంశధారా తీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. పంతులుగారి బాల్యంలోనే ఆయన గతించారు. ఆ మీదట బాలుడు విజయనగరం చేరి బంధువుల ఆశ్రయంలో ఆంగ్ల పాఠశాలా విద్య సాగించాడు. తరువాతి కాలంలో ఉద్యమసహచరులైన గురజాడ అప్పారావుగారు అక్కడ వారికి సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా కుదిరారు. అప్పటికి వారి వయస్సు పదిహేడు సంవత్సరాలు నిండలేదు, లేదా అప్పుడే నిండింది.

కుటుంబభారం మీద పడిన యువకునికి కళాశాలలో చేరి చదివే అవకాశం లేకపోయింది. పగలు పాఠశాలలో పిల్లలకు చరిత్ర బోధిస్తూ, మిగిలిన వేళలలో తమ చదువు తాము చదువుకొని, ప్రైవేటుగా ఎఫ్.ఎ., ఆ పైన బి.ఎ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. బి.ఎ.లో చరిత్ర వారి ప్రధానవిషయం. పాఠశాల కళాశాల అయిన పిమ్మట కళాశాలా తరగతులకు కూడా బోధించారు. పట్టం కోసం చదివిన ఈ చదువులో ఒక అభ్యాసం వారికి స్థిరపడింది. చెప్పవలసిన పాఠం ఏదైనా దానికి మూలం ఎక్కడ ఉన్నదో వెదకి చూచుకొనడం ఆ అభ్యాసం. దాని ఫలం మొట్టమొదట శాసనపరిశోధనలో కనిపించింది.

శాసనలిపి సాధన

పర్లాకిమిడికి అనతిదూరంలో శ్రీముఖలింగం ఉన్నది. అచ్చటి మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాలు తూర్పు గాంగుల వాస్తుకళకు నిదర్శనాలు. మధుకేశ్వరాలయ స్తంభాల మీద, గోడల మీద సంస్కృతంలోను తెలుగులోను శాసనాలు విస్తారంగా ఉన్నాయి. పుట్టినది మొదలు చూస్తున్న ఆ అక్షరాలను చదవగలవారు ఆనాడు ఆ పరిసరాలలో కనిపించలేదు. చరిత్ర బోధించే ఉపాధ్యాయునికి తన ఊరి పొరుగున ఉన్న చరిత్ర చదవరాకపోవడం లోపంగా తోచడం సహజం. పంతులుగారు ప్రాచీనలిపులను స్వయంకృషితో నేర్చుకొన్నారు.

శాసనలిపి పఠనం ఎంత ఓపికతో కూడిన పనియో ఆ మార్గంలో నడచినవారికి తెలుస్తుంది. తెలిసిన అక్షరాన్ని ఆధారం చేసుకొని తెలియని అక్షరాన్ని ఊహించాలి. ఆ ఊహ ఛందస్సుకు సరిపోతున్నదా, వ్యాకరణానికి సరిపోతున్నదా, అదే అక్షరం మరొకచోట వచ్చినప్పుడు నిలుస్తున్నదా అని పరీక్షించాలి. నిలవని ఊహను, అది తనదే అయినా, విడిచిపెట్టాలి. శకసంవత్సరం, తిథి, వారం, నక్షత్రం ఉన్నచోట గణితం చేసి సరిచూడాలి. సంస్కృతం, తెలుగు, జ్యోతిషం, చరిత్ర, ఈ నాలుగింటిలో ఏది కొరవడినా పాఠనిర్ణయం కుంటుపడుతుంది.

ఈ సాధనతో పంతులుగారు రెండు ముఖ్యమైన పనులు చేశారు. గాంగరాజుల తొలి రాజధాని అయిన కళింగనగరం ఎక్కడిదన్న వివాదంలో, అది ముఖలింగ ప్రాంతమేనని స్థలపరిశీలనతోను శాసనసాక్ష్యంతోను ప్రతిపాదించారు. సముద్రతీరంలోని కళింగపట్నమే కళింగనగరమన్న అభిప్రాయం కేవలం నామసాదృశ్యం మీద ఆధారపడినదని ఆ ప్రతిపాదన వల్ల తేటపడింది. రెండవది, శకవర్షం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి, డాక్టర్ హుల్ట్‌ష్ సంపాదకత్వంలో వెలువడుతున్న ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో (1896–97) ప్రకటించారు. గాంగుల వంశావళికి, వజ్రహస్తుని పట్టాభిషేక కాలానికి ఆ శాసనం ముఖ్యమైన ఆధారం. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టి చదువని ఒక సంస్థానపు ఉపాధ్యాయుని వ్యాసం ఆనాటి ప్రాచ్యవిద్వాంసుల వ్యాసాల సరసన నిలిచింది.

ఈ శాసనపరిశోధన వారికి మరొక ఉపకారం కూడా చేసినదని భావించవచ్చు. శాసనంలో భాష ఏ కాలానిదో ఆ కాలానిదిగానే మిగిలి ఉంటుంది. తాళపత్ర గ్రంథాన్ని లేఖకుడు తన కాలానికి అనుగుణంగా దిద్దవచ్చు. శిలను దిద్దడం సులభం కాదు. కాబట్టి శాసనాలను వరుసగా చదివిన వానికి భాష మారుతుందన్న సంగతి సిద్ధాంతంగా కాక ప్రత్యక్షంగా గోచరిస్తుంది. ఇరవై యేండ్ల తరువాత వారు చేసిన వాదానికి మొదటి బీజం ఇక్కడ పడి ఉండవచ్చు.

సవరభాషాధ్యయనం

ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానంలో ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు ఒకే వరుసలో పేర్కొనబడ్డారు. ఆంధ్రుల ప్రాచీనతకు మనం తరచు ఉదాహరించే ఆ సందర్భంలోనే మన పొరుగువారైన శబరుల పేరు కూడా ఉన్నది. ఆ శబరులే నేటి సవరలని పండితుల అభిప్రాయం. పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో నివసించే సవరలు సంతలకు దిగివచ్చినపుడు వారి మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. వారి తరఫున మాట్లాడే దుబాసీల మాటే చెల్లుబాటయ్యేది. తమ భాషలో చదువు లేదు, తమకు వచ్చిన భాషలో వ్యవహారం లేదు. ఈ స్థితిని చూచి పంతులుగారు సవరభాష నేర్వడానికి పూనుకొన్నారు.

శాసనలిపికి కనీసం పూర్వుల కృషి కొంత ఉన్నది. సవరభాషకు అదీ లేదు. లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, బోధించే పండితుడు లేడు. అందుచేత పంతులుగారు తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక సవరను తమ ఇంటనే ఉంచుకొని, అతనినే గురువుగా స్వీకరించారు. ఆనాటి సమాజనియమాల దృష్ట్యా ఒక బ్రాహ్మణ గృహస్థుకు ఇది సామాన్యమైన నిర్ణయం కాదు. శాస్త్రదృష్ట్యా మాత్రం వేరొక మార్గం లేదు. భాష వ్యవహర్త నోట ఉన్నది. దానిని అక్కడనుండియే గ్రహించాలి. శబ్దాలు కావలసినవాడు కుండల కోసం కుమ్మరి ఇంటికి వెళ్ళినట్లు వైయాకరణుని ఇంటికి వెళ్ళడని మహాభాష్యకారులు చెప్పిన విషయం ఈ సందర్భంలో స్మరణీయం.

సవరభాష ద్రావిడ కుటుంబానికి గాని ఆర్యకుటుంబానికి గాని చెందినది కాదు. ముండా శాఖకు చెందినది. కనుక తెలుగు, సంస్కృతం తెలిసినవానికి ఆ జ్ఞానం సహాయపడడం కంటె అడ్డు వచ్చే అవకాశమే అధికం. ఉదాహరణకు ఈ భాషలో కంఠమూలంలో శ్వాసను క్షణకాలం నిరోధించి విడిచే ధ్వని ఒకటి ఉన్నది. తెలుగువారి చెవికి అది పట్టుబడదు. పట్టుబడకపోతే వేర్వేరు మాటలు ఒకటిగా వినిపిస్తాయి. మరొక విశేషం నామక్రియాసంయోగం. సవరలో పెక్కు నామాలకు పూర్ణరూపం ఒకటి, సమాసంలో చేరే హ్రస్వరూపం మరొకటి ఉంటాయి. పులి అనే అర్థంలో వాడే కినా అనే మాట క్రియతో కలిసినపుడు కిడ్ అనే పొట్టిరూపం ధరించి క్రియాపదంలోనే ఇమిడిపోతుంది. పులి పట్టుకొన్నదని చెప్పే వాక్యమంతా ఒకే పదంగా ఏర్పడుతుంది. మన సమాసప్రక్రియలో కర్మపదం ఉత్తరపదమైన కృదంతంతో కలియడం ఉన్నది గాని, కర్తృపదం క్రియతో ఈ రీతిగా ఏకపదం కావడం లేదు. సంస్కృత వ్యాకరణపు చట్రంలో ఈ భాషను బిగించాలని ప్రయత్నించినవానికి ఇది ఎన్నటికీ అర్థం కాదు. పంతులుగారు ఆ చట్రాన్ని ప్రక్కన పెట్టి, విన్నది విన్నట్లు వ్రాసుకొని, వ్రాసినది తిరిగి వ్యవహర్తకు వినిపించి, అతడు అంగీకరించిన దానినే స్వీకరించే పద్ధతిని అవలంబించారు.

తాము నేర్చుకొన్న దానిని వారు పెట్టెలో భద్రపరచలేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు, కథలు, పాటలు సిద్ధపరచి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించే పాఠశాలలను సొంత వ్యయంతో నడిపారు. సవరలనే ఉపాధ్యాయులుగా తయారుచేశారు. వారి కృషికి ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినపుడు దానిని స్వీకరింపక, ఆ ద్రవ్యంతో సవరలకు పాఠశాలలు నడపవలసినదిగా కోరారు. ప్రభుత్వం 1913లో వారికి రావుసాహెబ్ బిరుదాన్ని, తరువాతి కాలంలో కైజర్-ఇ-హింద్ పతకాన్ని ప్రదానం చేసింది.

శ్రవణశక్తి లోపించడం

ఈ కృషికి పంతులుగారు చెల్లించిన మూల్యం గొప్పది. సవర కొండలు మలేరియాకు నిలయాలు. ఆ అడవులలో తిరిగి తిరిగి వారు జ్వరపీడితులయ్యారు. జ్వరానికి ఆనాడు ఉన్న మందు క్వినైను. ఆ మందు అధికంగా సేవించిన కారణంగా వారి వినికిడి దెబ్బతిన్నది. క్రమంగా చెవుడు స్థిరపడింది.

ఒక చిత్రకారునికి చూపు పోవడం ఎట్టిదో, మాట్లాడే భాషను పరిశోధించే పండితునికి వినికిడి పోవడం అట్టిది. లిపి ఉన్న భాషను పరిశోధించేవాడు చెవి లేకున్నా కన్నుతో పని సాగించుకోవచ్చు. సవరభాష కేవలం వాగ్రూపంలో ఉన్నది. దానికి చెవియే ద్వారం. ఆ ద్వారం మూసుకొనిపోయిన పిమ్మట పంతులుగారు ఆ పనిని విడిచిపెట్టి ఉంటే ఎవరూ వారిని ఆక్షేపించి ఉండేవారు కారు. వారు విడిచిపెట్టలేదు. అప్పటికి సేకరించి ఉన్న సామగ్రి కొంత, కుమారులు వేంకట సీతాపతిగారి తోడ్పాటు కొంత, సవర సహాయకుల సహనం కొంత వారికి ఆధారమైనవి.

మరొక ఆధారాన్ని వారే సంపాదించుకొన్నారు. అది ధ్వనిశాస్త్రం. మన శిక్షాగ్రంథాలు వర్ణాన్ని చెవితో గుర్తించడంతో తృప్తిపడలేదు. ఏ స్థానంలో, ఏ కరణంతో, ఏ ప్రయత్నంతో ఆ వర్ణం పుడుతున్నదో నిరూపించాయి. ఆధునిక ధ్వనిశాస్త్రం కూడా ఆ మార్గంలోనే సాగింది. ఒక ధ్వనిని ఉచ్చరించేటపుడు నాలుక, పెదవులు, కంఠం ఏమి చేస్తున్నవో తెలిసినవానికి ఆ ధ్వని కేవలం శ్రవణవిషయం కాదు. అది ఒక శరీరవ్యాపారంగా బుద్ధికి అందుతుంది. వినికిడి తగ్గిన పండితునికి ఈ శాస్త్రం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆధునిక భాషాశాస్త్రం మన విశ్వవిద్యాలయాలలో పాఠ్యవిషయం కాకమునుపే వారు హెన్రీ స్వీట్, యెస్పర్సన్ మొదలైన పాశ్చాత్య విద్వాంసుల గ్రంథాలను తెప్పించుకొని చదివి ఆ శాస్త్రాన్ని స్వాధీనం చేసుకొన్నారు.

తెలుగు వాదం

పంతులుగారి దృష్టి తెలుగు వైపు మళ్ళడానికి ఒక బాహ్యకారణం ఉన్నది. 1907 ప్రాంతంలో ఉత్తరకోస్తా మండలాలకు పాఠశాలల పర్యవేక్షకులుగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొర తెలుగు నేర్చుకొంటూ, పుస్తకాలలోని తెలుగుకు, జనుల నోటి తెలుగుకు ఇంత అంతరం ఎందుకున్నదని విచారించారు. విశాఖపట్టణంలోని కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాసయ్యంగారు, గురజాడ అప్పారావుగారు, రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నకు సమాధానం అన్వేషించడంలో కలిసిరాగా వ్యావహారిక భాషోద్యమం ఆరంభమైనది. పంతులుగారికి అప్పటికి నలభై నాలుగేండ్లు. శాసనభాషతోను సవరభాషతోను గడచిన పాతికేండ్ల సాధన వారి వెనుక ఉన్నది.

1911లో ఉపాధ్యాయవృత్తి నుండి విరమించుకొన్న పిమ్మట వారు తమ కాలమంతా ఈ విషయానికి వినియోగించారు. 1913లో ఆధునికాంధ్రాన్ని గురించి ఆంగ్లంలో విజ్ఞాపన గ్రంథం ప్రకటించారు. పాఠశాలా వ్యాసరచనలో వ్యావహారికానికి మొదట లభించిన అనుమతి, ప్రబలమైన వ్యతిరేకత వల్ల కొద్ది సంవత్సరాలలోనే తొలగిపోయింది. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా రామమూర్తి పంతులుగారు కార్యదర్శి అయ్యారు. అదే సంవత్సరం తెలుగు అనే మాసపత్రికను నెలకొల్పారు. ఆ ఏటనే వీరేశలింగంగారు దివంగతులు కాగా భారమంతా వీరిపై పడింది.

ఈ వాదంలో పంతులుగారు అనుసరించిన పద్ధతి మన పరిశీలనకు ముఖ్యమైనది. వారు అభిప్రాయానికి అభిప్రాయాన్ని ఎదురు నిలుపలేదు, ప్రయోగాలను చూపించారు. బాలవ్యాకరణం నిషేధించిన రూపాలు పూర్వకవులలో ఎక్కడెక్కడ ఉన్నవో వెదకి బాలకవి శరణ్యంలో చూపారు. పూర్వకాలపు వచనగ్రంథాలలో వాడుకభాష ఎంతగా చోటు చేసుకొన్నదో గద్యచింతామణిలో నిరూపించారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే గ్రాంథికనియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఏరి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజంలో ప్రకటించారు. ఇట్టి గ్రంథాలు రచించడానికి ఆదికవి మొదలు సమకాలికుల వరకు ఉన్న వాఙ్మయాన్ని ప్రతిపదం పరిశీలిస్తూ, ఆకరాలను గుర్తుపెట్టుకొంటూ చదివి ఉండాలి. వారు సభలకు వెళ్ళేటపుడు పుస్తకాల మూటలు వెంట వెళ్ళేవి. 1925లో తణుకులో జరిగిన ఆంధ్రసాహిత్య పరిషత్సభలో వారు నాలుగు గంటల సేపు ఉపన్యసించారు. తమ మాట తమకే సరిగా వినిపించని వ్యక్తి, ఎదుటివారి ఆక్షేపణలు కాగితంపై చూచుకొనవలసిన వ్యక్తి, అంతసేపు సభను నిలువరించడం వారి వద్ద ఉన్న సామగ్రి బలాన్ని తెలుపుతుంది.

పంతులుగారిని ప్రాచీనవాఙ్మయానికి శత్రువుగా భావించడం ఆనాడు ఉన్నది. ఆ భావన సరికాదు. కావ్యభాషను చదివి అర్థం చేసుకొనే శక్తి విద్యార్థికి ఉండాలనే విషయంలో వారికి అభ్యంతరం లేదు. ఆ భాషలోనే నేటివాడు తన వచనం వ్రాయాలన్న నిర్బంధాన్ని వారు నిరాకరించారు. పూర్వకవుల ప్రయోగాలలో వారికి ఉన్న ప్రవేశం వారి ప్రత్యర్థులలో అనేకులకు లేదనడం అతిశయోక్తి కాదు.

అయితే ప్రత్యర్థిపక్షం కూడా అల్పమైనది కాదని చెప్పడం న్యాయం. ఆంధ్రసాహిత్య పరిషత్తుకు నాయకులైన జయంతి రామయ్య పంతులుగారు స్వయంగా శాసనపరిశోధకులు. బెజవాడ యుద్ధమల్లుని శాసనాన్ని పరిష్కరించి ప్రకటించినవారు. ఒకే శాసనవాఙ్మయాన్ని చదివిన ఇరువురు విద్వాంసులు భిన్నమైన నిర్ణయాలకు రావడం గమనార్హం. కవిత్రయం కాలం నుండి కావ్యభాష నిలకడగా ఉన్నది గనుకనే తొమ్మిది శతాబ్దాల వాఙ్మయం నేటివారికి అందుబాటులో ఉన్నదని రామయ్య పంతులుగారి పక్షం. ఆ నిలకడ కావ్యానికి సంబంధించినదే గాని వచనవ్యవహారానికి ఎన్నడూ లేదని రామమూర్తి పంతులుగారి పక్షం. రామయ్యగారు చూడనిది, రామమూర్తిగారు చూచినది ఏమైనా ఉన్నదా అని ప్రశ్నించుకొంటే, అది సవరభాష అని తోస్తుంది. లిపియే లేని ఒక భాషకు నియతమైన వ్యాకరణం ఉన్నదని నిరూపించిన పండితుడు, వ్రాతకు ఎక్కని తెలుగుకు వ్యాకరణం లేదన్న మాటను అంగీకరించడం సాధ్యం కాదు. పుస్తకాలకు వెలుపల కూడా నియమబద్ధమైన భాష ఉంటుందని ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు.

పంతులుగారి వాదశైలి కొన్నిచోట్ల పరుషంగా ఉండేదన్న విమర్శను కాదనలేము. పండితులను రోగులకు మందిచ్చే భిషక్కులుగా సంబోధించి, వారి భాషకే మందు వేసే గ్రంథనామంలోని ఎత్తిపొడుపు అందరికీ రుచించలేదు. ఐనా ఆ గ్రంథంలోని ఉదాహరణలకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మాత్రం ప్రత్యర్థులపై నిలిచే ఉన్నది.

కృషిఫలం

సవరభాషకై పంతులుగారు యౌవనంలో ఆరంభించిన కృషి వార్ధక్యంలో గ్రంథరూపం ధరించింది. సవరభాషా బోధిని 1931లో మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువడింది. అప్పటికి వారికి అరవై ఎనిమిదేండ్లు. సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో ప్రకటితమైనది. నాటికి వారు డెబ్బది అయిదేండ్ల వృద్ధులు. మొదటి పదాన్ని వ్రాసుకొన్న నాటికి, నిఘంటువు అచ్చుపుటలు చేతికి వచ్చిన నాటికి మధ్య మూడు దశాబ్దాలకు పైగా గడిచాయి. ఈ రెండు గ్రంథాలూ తరువాతి ముండాభాషా పరిశోధకులకు ఆకరగ్రంథాలైనవి. నామక్రియాసంయోగాన్ని చర్చించే భాషాశాస్త్రజ్ఞులు వీరు చూపిన ఉదాహరణలను నేటికీ గ్రహిస్తున్నారు. ఆంధ్రవిశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ బిరుదంతో వారిని గౌరవించింది.

ఈ ఫలం చేతికి వచ్చే కాలంలోనే వారికి స్థానభ్రంశం కలిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రంగా ఏర్పడినపుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ ప్రాంతాన్ని అట్లు చేర్చడాన్ని నిరసించి, అయిదు దశాబ్దాలకు పైగా నివసించిన ఊరిని, ఇంటిని విడిచి వారు రాజమహేంద్రవరం చేరుకొన్నారు. అప్పటికి నిఘంటువు ఇంకా వెలువడలేదు. సవర కొండలు కనుచూపుకు దూరమైన తరువాతనే ఆ మాటల కోశం లోకానికి అందింది.

పంతులుగారు 1940 జనవరి 22న కీర్తిశేషులయ్యారు. పాఠ్యగ్రంథాలలో, పరీక్షలలో శిష్టవ్యావహారికం నిలదొక్కుకొనడం వారు కన్నులారా చూడలేదు. మరి మూడు దశాబ్దాల తరువాత గాని అది పూర్తిగా నెరవేరలేదు. పర్లాకిమిడిలో వారి వద్ద చదివిన తాపీ ధర్మారావుగారి వంటి శిష్యులు ఆ మార్గాన్ని పత్రికారచనలో కొనసాగించారు. కుమారులు సీతాపతిగారు సవరభాషా వాఙ్మయ పరిశోధనను ముందుకు నడిపారు.

ఉపసంహారం

ఆరంభంలో పేర్కొన్న నాలుగు కాలాలకు పంతులుగారి జీవితాన్ని అన్వయించి చూడవచ్చు. వారికి ఆగమకాలం శిలలవద్ద, అక్షరం రాని సవర వద్ద గడిచింది. స్వాధ్యాయకాలం పాఠశాల వేళలు పోగా మిగిలిన సమయంలో, దేశాంతరాల నుండి తెప్పించిన గ్రంథాలతో గడిచింది. ప్రవచనకాలం రాజావారి కళాశాలలోను, కొండమీది సవర పాఠశాలలలోను ఏకకాలంలో సాగింది. వ్యవహారకాలం తెలుగుదేశమంతటా వ్యాపించింది. మూడు శాస్త్రాలలో వారికి కలిగిన ప్రావీణ్యం మూడు వేర్వేరు ప్రజ్ఞలు కావు. మూలాన్ని వెదకడం, విన్నదీ కన్నదీ యథాతథంగా వ్రాసుకొనడం, వ్రాసుకొన్నదానిని పరీక్షకు పెట్టడం, పరీక్షకు నిలువని స్వాభిప్రాయాన్ని విడిచిపెట్టడం అనే ఒకే నియమం మూడుచోట్లా పనిచేసింది.

మన ప్రాచ్యకళాశాలలలో వ్యాకరణం, శాసనపరిశోధన, భాషాశాస్త్రం వేర్వేరు పత్రాలుగా బోధింపబడుతున్నాయి. ఒక పత్రం చదివిన విద్యార్థి మరొక పత్రంతో దానిని కలుపుకొనే అవకాశం తక్కువ. శాసనం చదివే విద్యార్థి ఆ ఊరిలోని వృద్ధుని మాటను కూడా వినాలి. బాలవ్యాకరణసూత్రం వల్లించే విద్యార్థి ఆ సూత్రానికి లొంగని ప్రయోగాన్ని కూడా వెదకాలి. ఈ విషయాన్ని మనకు మనమే చెప్పుకొనవలసి ఉన్నది. వాదంలో మనం ఏ పక్షానికి చెందినవారమైనా, ఆకరం చూపనిదే మాట చెప్పకూడదన్న పంతులుగారి నియమం ఉభయపక్షాలకూ అనుసరణీయం. గురువు లేడని, గ్రంథం లేదని, ఆరోగ్యం చాలదని అధ్యయనాన్ని నిలిపివేయాలని అనిపించినపుడు, వినికిడి లేక కూడా నోటిభాషకు నిఘంటువు పూర్తిచేసిన ఆ వృద్ధుని స్మరించుకొనడం మనకు మేలు చేస్తుంది.